పాము పిల్లని కొనేముందు అది ఏం తిన్నదో అడగండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ జిల్లా ఎడిషన్‌లో కాలేజీ కుర్రాళ్ళు పాముల్ని పెంచుకుంటున్నారని ఒక స్టోరీ వేశారు, మెళ్ళో పాముని వేసుకుని నవ్వుతున్న అబ్బాయి ఫోటో కూడా వేశారు. ఫోటో బావుంది. పాము ధర రాశారు, రంగు రాశారు, కరవదని రాశారు, కానీ అది ఏం తింటుంది, తినకపోతే ఏం చెయ్యాలి అనేది ఒక్క ముక్క లేదు, ఆ రోజు నుంచి నాకు ఫోన్లు ఆగట్లా.

నాది నెల్లూరు సంతపేటలో చిన్న షాపు, చేపల తొట్లు, పక్షుల గింజలు, కుక్కల ఫుడ్డు అమ్ముతా. పాముల్ని అమ్మను. కాకపోతే షాపు పెట్టకముందు చెన్నైలో ఇట్టాంటివి పెంచే ఒకాయన దగ్గర కొన్నేళ్ళు పని చేశా, పాము పిల్లలకి మేత పెట్టడమే అక్కడ నా పని, ఆ సంగతి ఆ నోటా ఈ నోటా పడి కావలి నుంచి, ఒంగోలు నుంచి కూడా "అన్నా, మా పాము పిల్ల తినట్లా" అంటూ డబ్బాలో పెట్టుకుని వస్తుంటారు. వాళ్ళకి విడివిడిగా చెప్పేదేదో ఒక్కసారి మీ పేపర్లో చెబుదామని రాస్తున్నా. కొంచెం పొడుగైతే ఏమనుకోవద్దు, కత్తిరించాలంటే నా షాపు సంగతి కత్తిరించండి, పాము తిండి సంగతి మాత్రం ఉంచండి సార్.

నేను చెప్పేదంతా బయట దేశాల నుంచి వచ్చి ఇళ్ళల్లో పెరిగే బాల్ పైథాన్, కార్న్ స్నేక్ అనే విషం లేని పాముల గురించి. మన పొలాల్లో దొరికే పాముల్ని పెంచడం నేరం, అది మళ్ళీ చెప్తా.

పోయిన వేసవిలో మాగుంట లేఅవుట్ నుంచి ఒక ఇంజినీరింగ్ కుర్రాడు వచ్చాడు, ప్లాస్టిక్ డబ్బా మూతకి చిల్లులు పొడిచి అందులో బాల్ పైథాన్ పిల్లని తెచ్చాడు. చేతిలోకి తీసుకుంటే వెన్నుపూస ఒక్కొక్కటీ వేలికి తగులుతోంది, రెండు పక్కలా చర్మం ముడతలు పడి ఉంది, అయినా నాలుక బయటికీ లోపలికీ ఆడిస్తోంది, అదొక్కటే నాకు ధైర్యం. ఏం పెట్టావు నాయనా అంటే ముందు చికెన్ ముక్కలు పెట్టాడంట, తర్వాత కోడిగుడ్డు, ఏదీ ముట్టకపోయేసరికి వాళ్ళ నాయనమ్మ జాలిపడి గిన్నెలో పాలు పోసి పెట్టిందంట! ఆమెనేం అనలేం, నాగుల చవితికి పుట్టలో పాలు పోసిన చెయ్యి అది. కానీ పాము పాలు తాగే జీవి కాదు, బాగా దాహంతో ఉంటే ఏది పెట్టినా నోరు పెడుతుంది, తాగిన పాలు దానికి అరగవు, పైగా జబ్బు చేస్తుంది. గిన్నెలో మంచినీళ్ళు చాలు. చికెన్ ముక్క కూడా అంతే, పాముకి కావాల్సింది ఎలుక మొత్తం, ఎముకలతో, లోపల లివరు పేగులతో సహా, అందులోనే దానికి కాల్షియం, విటమిన్లు అన్నీ దొరుకుతాయి, ఒట్టి కండ పెడితే ఇవాళ కాకపోతే ఆరు నెలలకైనా దెబ్బ తింటుంది. ఇక గుడ్డు, గుడ్లు మాత్రమే తిని బతికే పాములు వేరే జాతులు ఉన్నాయి, ఇది ఆ జాతి కాదు.

ఇంకొంచెం అడిగితే అసలు సంగతి బయటపడింది. పాముని పెట్టింది బెడ్రూంలో, రాత్రీ పగలూ ఏసీ, అదీ 20లో. నాలుగడుగుల గ్లాసు తొట్టి, లోపల నీళ్ళ గిన్నె తప్ప ఏమీ లేదు, పక్కనే టీవీ, సాయంత్రమైతే ఫ్రెండ్సంతా వచ్చి చేతులు మార్చుకుంటూ సెల్ఫీలు. ఇట్టా ఉంటే మనమైనా తింటామా చెప్పండి.

పాము ఒంట్లో మనకి మల్లే దానంతటది వేడి పుట్టదు. కడుపులో పడింది అరగాలంటే బయట నుంచి వేడి అందాలి, అందుకే తొట్టిలో ఒక పక్క వేడిగా, ఇంకో పక్క కొంచెం చల్లగా పెడితే దానికి కావాల్సిన చోటికి అదే జరుగుతుంది. బాల్ పైథాన్‌కి వేడి పక్క 31, 32 డిగ్రీలు, చల్ల పక్క 26 ఉండాలి, కార్న్ స్నేక్‌కి అయితే వేడి పక్క 29, 30, చల్ల పక్క 24 చాలు. 20 డిగ్రీల ఏసీ గదిలో పాము తినదు, తిన్నా లోపల అరక్క కుళ్ళి కక్కేస్తుంది.

అయితే ఇక్కడ మన జిల్లాలకి ఇంకో తిరకాసు ఉంది. వీడియోల్లో చెప్పేది చాలావరకు చలి దేశాల లెక్క, తొట్టి కింద వేడి పుట్టించే హీట్ మ్యాట్ కొనండి, బల్బు పెట్టండి అంటారు, మనవాళ్ళు రోహిణి కార్తెలో కూడా అవి ఆన్ చేసి కూర్చుంటారు. నెల్లూర్లో, ఒంగోల్లో మే నెలలో బయట 43, 44 కొడుతుంటే మేడ మీద గదిలో గ్లాసు తొట్టి లోపల ఎంత ఉంటుందో ఆలోచించండి. 35 దాటి గంటల తరబడి ఉంటే పిల్ల తిండి మానేస్తుంది, తిన్నది కక్కేస్తుంది, ఇంకా పెరిగితే చచ్చిపోతుంది. చలికి చచ్చిన పాము పిల్లని నేను ఇక్కడ చూడలా, ఎండకి చచ్చినవి చూశా. థర్మామీటర్ లేకుండా, మ్యాట్ పెడితే వేడి ఎక్కువైనప్పుడు దానంతటదే ఆపే థర్మోస్టాట్ లేకుండా పాము జోలికే పోవద్దు. మళ్ళీ అక్టోబర్, నవంబర్ వానల్లో కథ వేరు, తొట్టిలో వేసిన కొబ్బరి పొట్టు తడిసి ఆరక పాము పొట్ట కింద పొలుసులు ఎర్రబడి పుండ్లు పడతాయి, ఒళ్ళు బాగాలేని పాము కూడా తినదు కదా, జనం తిండి గురించే చూస్తారు గానీ తిరగేసి పొట్ట చూడరు.

ఆ కుర్రాడికి నేను చెప్పింది ఏమంత గొప్ప వైద్యం కాదు. పెద్ద తొట్టి తీసేసి చిన్న ప్లాస్టిక్ బాక్సులో పెట్టించా, వేడి పక్క ఒకటి, చల్ల పక్క ఒకటి, పాము చుట్టుకుంటే గోడలు ఒంటికి ఆనేంత ఇరుకుగా దాక్కునే డబ్బాలు పెట్టించా, బయట మూడు పక్కలా న్యూస్ పేపర్ అంటించమన్నా, మీ పేపరే అంటించాడులెండి. బాల్ పైథాన్ పిరికి జాతి, దాక్కునే చోటు లేకపోతే భయంలో ఆకలి మర్చిపోతుంది. తర్వాత ఒక పది రోజులు నీళ్ళు మార్చడానికి తప్ప మూత తియ్యొద్దు, చేత్తో ముట్టుకోవద్దు, ఎవరికీ చూపించొద్దు అన్నా. వాడికి కష్టంగానే ఉంది పాపం, సెల్ఫీలు లేకుండా పాము ఎందుకు అన్నట్టు మొహం పెట్టాడు.

తిండి పెట్టేటప్పుడు కూడా ఒక పద్ధతి ఉంది. బాల్ పైథాన్ పెదాల మీద చిన్న చిన్న గుంటలు ఉంటాయి, వాటితో అది వేడిని పసిగడుతుంది, చీకట్లో ఎలుక ఎక్కడుందో దానికి వేడి రూపంలో తెలుస్తుంది, ఫ్రిజ్ నుంచి తీసిన చల్లటి ఎలుక దాని లెక్కలో తిండి కింద రాదు. అందుకని ఫ్రోజెన్ ఎలుకని, అంటే చంపి గడ్డకట్టించి అమ్మేదాన్ని, ముందు రోజు డీప్ ఫ్రీజర్ నుంచి కింది అరలోకి మార్చి, పెట్టేముందు కవర్లో ఉంచి వేడి నీళ్ళల్లో ముంచి, పైన ముట్టుకుంటే గోరువెచ్చగా, సుమారు 38 డిగ్రీలు ఉండేట్టు చెయ్యాలి. మైక్రోవేవ్‌లో మాత్రం పెట్టొద్దు, పగులుతుంది, ఇంట్లో తర్వాత మీకు అన్నం పెట్టరు. రాత్రి లైట్లు ఆర్పేసి, పొడుగాటి ఫోర్సెప్స్‌తో తోక దగ్గర పట్టుకుని దాక్కున్న డబ్బా ముందు నెమ్మదిగా కదిలించాలి. తీసుకోకపోతే పెట్టేసి తలుపేసుకుని వచ్చెయ్యాలి, పొద్దునకి అట్టానే ఉంటే పారెయ్యాలి, మర్నాడే మళ్ళీ పెట్టకూడదు, వారం ఆగాలి. రోజూ మొహం మీద ఎలుకని ఊపితే అది ఎలుకని చూసి భయపడటం నేర్చుకుంటుంది. ఆ కుర్రాడి పాము మొదటిసారి తీసుకోలా, రెండోసారి తీసుకుంది, రాత్రి పదకొండు దాటాక ఫోన్ చేసి "అన్నా మింగింది అన్నా" అని అరిచాడు, మా ఇంట్లో అందరూ లేచారు.

సైజు గురించి కూడా తప్పులు చేస్తున్నారు. పాము ఒంట్లో లావుగా ఉన్నచోట ఎంత లావుందో అంత లావు ఎలుక, లేదంటే తూకంలో పాము బరువులో పదో వంతు నుంచి కొంచెం పైన, అంతే. గుడ్డులో నుంచి వచ్చిన బాల్ పైథాన్ 50 నుంచి 80 గ్రాములు ఉంటుంది, అది వెంట్రుకలు వచ్చి గెంతే వయసు చిట్టెలుక పిల్లని మింగగలదు. కార్న్ స్నేక్ పిల్ల పెన్సిలంత కూడా ఉండదు, దానికి ఒక రోజు వయసున్న, వెంట్రుకలు రాని ఎర్రటి చిట్టెలుక పిల్లే తిండి, దాన్నే పింకీ అంటారు. దానికి పెద్ద ఎలుక పెడితే మింగి రెండు రోజులకి కక్కుతుంది. కక్కిన పాముకి వెంటనే ఇంకోటి పెడతారు చూడండి, అది చంపడమే. కక్కినప్పుడు కడుపులో ఆమ్లం అంతా పోతుంది, గొంతు పుండు పడుతుంది, పది పద్నాలుగు రోజులు నీళ్ళు మాత్రం పెట్టి ఆ తర్వాత మామూలుగా పెట్టేదాంట్లో సగం సైజుది పెట్టాలి. తిన్నాక రెండు రోజులు చేత్తో ఎత్తకూడదు, ఎత్తినా కక్కుతుంది. కళ్ళు తెల్లగా నీలంగా మసకబారాయంటే కుబుసం విడిచే ముందని అర్థం, అప్పుడు తినకపోతే ఖంగారు పడేదేం లేదు.

కార్న్ స్నేక్ పిల్లల్లో మాత్రం పుట్టుకతోనే ఎలుకని తిండిగా గుర్తుపట్టనివి కొన్ని ఉంటాయి, అడవిలో అయితే ఈ పిల్లలు బల్లుల్ని, తొండల్లాంటి వాటిని తింటాయి కదా. అట్టాంటి వాటికి చెన్నైలో మేం చేసేది ఏందంటే, చిన్న మూత డబ్బాలో టిష్యూ పేపర్ వేసి, పాముని, పింకీని అందులో పెట్టి, గాలి చిల్లులున్న మూత పెట్టి రాత్రంతా చీకట్లో వదిలేసేవాళ్ళం, సగం పిల్లలు దానికే తినేవి. తినని వాటికి పింకీని కడిగి దాని మూతికి బల్లి వాసన పట్టించేవాళ్ళం. ఆఖరికి పింకీ తల కొంచెం చీల్చి లోపలి రసం బయటికి వచ్చేట్టు చేస్తే ఆ వాసనకి నోరు తెరిచేది. వినడానికి అసహ్యంగా ఉంటుంది, నాకూ మొదట్లో అన్నం సయించేది కాదు. ఇద్దరు పట్టుకుని ఒకడు నోరు తెరిచి ఒకడు కుక్కే పని మాత్రం ఇంట్లో చెయ్యొద్దు, పిల్ల పాము దవడ, గొంతు ఎంత సున్నితమో మీకు తెలీదు, అది డాక్టర్ చెయ్యాల్సిన పని. కిచెన్ తూకం ఒకటి కొనుక్కుని వారానికోసారి పాముని డబ్బాలో పెట్టి బరువు రాసుకోండి, పెద్ద బాల్ పైథాన్ అయితే చలికాలంలో రెండు మూడు నెలలు తినకపోయినా బరువు తగ్గకపోతే నష్టం లేదు, పిల్ల అయితే నెల దాటి తినకపోయినా, బరువు పదో వంతు తగ్గినా ఆగకుండా డాక్టర్ దగ్గరికి పోవాల్సిందే. పాముల్ని చూసే డాక్టర్ ఊరికొకరు దొరకరు, తెలిసినవాళ్ళు లేకపోతే తిరుపతి వెటర్నరీ కాలేజీలో అడిగి చూడండి.

ఎలుకల దగ్గర ఇంకో సంగతి. బుచ్చిరెడ్డిపాళెం వైపు నుంచి ఒకాయన వచ్చి "మా పొలంలో ఎలుకలకి కొదవా, ఒకటి కొట్టి పెడితే సరిపోదా" అన్నాడు. సరిపోదు. వరి పొలాల్లో ఎలుకల కోసం జింక్ ఫాస్ఫైడ్, బ్రోమోడయోలోన్ కలిపిన ఎర పెడతారు, ఆ ఎలుకని తిన్న పాముకి కూడా ఆ విషం ఎక్కొచ్చు, అది కాకపోయినా ఎలుక కడుపులో పురుగులు పాముకి వస్తాయి. ఇంట్లో బోనులో పడిన ఎలుక కూడా అంతే. బతికున్న పెద్ద ఎలుకని తొట్టిలో వదిలి వీడియో తీసేవాళ్ళు ఇంకొక రకం, ఆకలి లేని పామైతే ఎలుకే దాన్ని కొరుకుతుంది, వీపు మీద ఎముక కనపడేదాకా కొరికిన పాముని చూశా.

ఇప్పుడు కొనే సంగతి. నా దగ్గరికి వచ్చే కేసుల్లో చాలావాటికి గొడవ ఇంటికి వచ్చాక మొదలవలా, కొన్నరోజే మొదలైంది. గుడ్డులో నుంచి వచ్చిన పిల్ల వారం పది రోజులకి మొదటి కుబుసం విడుస్తుంది, ఆ తర్వాతే తింటుంది. కొంతమంది అమ్మేవాళ్ళు ఒక్కసారి కూడా తినకుండానే పిల్లల్ని అమ్మేస్తారు, తినేదాకా పోషించే ఓపిక, ఖర్చు వాళ్ళకెందుకు, అందుకే ధర తక్కువ. కాబట్టి రంగు ఏంటి, మార్ఫ్ (రంగు, చారల్ని బట్టి పెట్టిన రకం పేరు) ఏంటి అని అడిగేముందు ఎన్నిసార్లు తిన్నది, ఏం తిన్నది, బతికున్నదా ఫ్రోజెనా, ఆఖరిసారి ఎప్పుడు తిన్నది, కుబుసం ఎప్పుడు విడిచింది అని అడగండి. వరసగా ఐదారుసార్లు కక్కకుండా తిన్న పిల్లని తీసుకోండి. నోటిమాట నమ్మొద్దు, మీ ఎదురుగా తినిపించమనండి, "ఇప్పుడే తిన్నది సార్" అంటే "సరే వచ్చే వారం వస్తా" అని వచ్చెయ్యండి.

చేతిలోకి తీసుకున్నప్పుడు మంచి పిల్ల వేలికి గట్టిగా చుట్టుకుంటుంది, మెత్తగా తాడులా వేలాడకూడదు. ఒళ్ళు గుండ్రంగా ఉండాలి, వెన్ను పైకి లేచి రెండు పక్కలా జారిపోయి ఉంటే ఆకలితో ఉన్నట్టు. కళ్ళు రెండూ తేటగా ఉండాలి, పాత కుబుసం పొర కంటి మీద అతుక్కుని ఉండకూడదు. మూతి దగ్గర నురగ, బుడగలు, నోరు తెరిచి గాలి పీల్చడం, చెవి దగ్గర పెట్టుకుంటే గురగుర చప్పుడు ఉంటే ఊపిరితిత్తుల జబ్బు, ఎంత తగ్గించి ఇస్తానన్నా వద్దు. తెల్లటి టిష్యూ పేపర్ తడిపి తల నుంచి తోక దాకా తుడిచి చూడండి, నల్లటి చుక్కలు అంటుకుని కదులుతున్నాయంటే అవి పాము పేలు, గడ్డం కింద, కంటి చుట్టూ దాక్కుంటాయి, రక్తం తాగుతాయి, ఒక్క పాముకి ఉంటే ఆ షాపులో అన్నిటికీ ఉన్నట్టే. మలం వచ్చేచోట ఎండిపోయి అంటుకుని ఉండకూడదు. వెల్లకిలా తిప్పితే వెంటనే తిరగబడాలి. తల ఊపుతూ, మెలితిప్పుతూ ఆకాశం వైపు చూసే పాముని డాన్స్ చేస్తోందని చెప్పి అంటగడతారు, అది నరాల జబ్బు అన్నా అయ్యుండాలి, లేదంటే స్పైడర్ అనే మార్ఫ్ అన్నా అయ్యుండాలి, ఆ మార్ఫ్‌కి ఆ ఊపు పుట్టుకతో వచ్చేది, పోయేది కాదు. ఇంకోటి, ఇళ్ళల్లో పుట్టిన పిల్ల కావాలి, పశ్చిమ ఆఫ్రికాలో ఘనా, టోగో, బెనిన్ నుంచి ఎగుమతయ్యే బాల్ పైథాన్లు చాలా ఉన్నాయి, అడవిలో పట్టినవైతే పిడుదులు, కడుపులో పురుగులు ఉంటాయి, తిండి అలవాటు చెయ్యడం నరకం.

ఇంటికి తెచ్చాక వారం రోజులు తిండి కూడా పెట్టొద్దు, స్థిమితపడనివ్వండి. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి, పాముల నుంచి సాల్మొనెల్లా అనే జబ్బు క్రిమి అంటుకుంటుంది, ఇంట్లో ఐదేళ్ళలోపు పిల్లలుంటే అసలు వద్దంటా. అన్నిటికంటే ముందు ఇంట్లో ఆడవాళ్ళని అడగండి, ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన చచ్చిన ఎలుకలు పెట్టుకోనిస్తారా అని. నెల్లూర్లో ఫ్రోజెన్ పింకీలు అమ్మే షాపు నాకు తెలిసి లేదు, నాకు కావాలన్నా చెన్నై నుంచి ఐస్ బాక్సులో తెప్పించుకోవాలి. కార్న్ స్నేక్ పదిహేను, ఇరవై ఏళ్ళు, బాల్ పైథాన్ ముప్పై ఏళ్ళ దాకా బతుకుతుంది, కొన్న అబ్బాయి నాలుగేళ్ళల్లో బెంగళూరో, అమెరికానో పోతాడు, తర్వాత ఎలుకలు వేడి చేసి పెట్టేది వాళ్ళమ్మే.

చట్టం సంగతి తొందరగా చెప్పేస్తా. నాగుపాము, రక్తపింజరి, జెర్రిపోతు, కొండచిలువ అన్నీ 2022 సవరణ తర్వాత వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, ఇంట్లో పెట్టుకుంటే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ జైలు. రెండు తలల పాము అని కోట్లు వస్తాయని తిప్పేవాళ్ళకీ జైలే. పైగా పొలంలో పట్టిన పిల్ల పాములు కప్పల్ని, బల్లుల్ని, చేపల్ని తినేవి, ఎలుక పెట్టినా ముట్టవు, తొట్టిలో మాడి చస్తాయి, విషం లేని పామని పిల్లలు పట్టుకొచ్చింది కట్లపాము పిల్ల అయ్యుంటే ఇంకేముంది. బాల్ పైథాన్ ఫారిన్‌దే అయినా వన్యప్రాణుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ లిస్టులో ఉంది, 2024 ఫిబ్రవరి 28న కేంద్రం తెచ్చిన రూల్స్ ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ళ పరివేష్ 2.0 పోర్టల్లో రిజిస్టర్ చెయ్యాలి, కొత్తగా తీసుకుంటే 30 రోజుల్లోపు. కార్న్ స్నేక్ ఆ లిస్టులో లేదు, అయినా ఎక్కడ నుంచి వచ్చిందో బిల్లు అడగండి. 2023 ఏప్రిల్లో కౌలాలంపూర్ నుంచి వచ్చిన ఒకామె లగేజీలో 22 పాములు చెన్నై ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్ళకి దొరికాయి, డబ్బాల్లో కుక్కి తెచ్చినవి. అట్టా వచ్చి దొరక్కుండా బయటపడిన పాము పిల్ల ఎవరో ఒకరి ఇన్‌స్టాగ్రామ్ పేజీ నుంచి బస్సు పార్శిల్లో మన ఊరు చేరితే అది తినట్లా అని నా దగ్గరికి వస్తే నేనేం చెయ్యగలను సార్.

ఈసారి పాముల మీద స్టోరీ వేస్తే తినేటప్పటి ఫోటో కూడా వెయ్యండి, పెంచాలనుకునేవాళ్ళకి తెలుస్తుంది. పాము పిల్ల ఎక్కడ దొరుకుతుందని మాత్రం నాకు ఫోన్ చెయ్యొద్దని చెప్పండి, తినట్లేదంటే రండి, డబ్బాలో పెట్టి, ఎండెక్కకముందు, పొద్దున తొమ్మిదిలోపు.

ఇట్లు,
చేపల తొట్ల షాపు ఓనరు,
సంతపేట, నెల్లూరు